వరైయాడు గొడుగు కింద కప్పకు చోటెంత?

చెన్నైలో నాలుగు రోజులు వరస సెలవులొచ్చాయంటే మన తెలుగువాళ్ల కార్లు సగం తిరుపతి దారి పడితే, సగం కొండల దారి పడతాయి. కొండలంటే ఊటీ, కొడైకెనాల్, వాల్పారై, మున్నార్. ఆళియార్ నుంచి వాల్పారైకి ఎక్కే ఘాట్ రోడ్డులో నలభై హెయిర్‌పిన్ మలుపులున్నాయి. తొమ్మిదో మలుపు చుట్టుపక్కల కారాపి జనం ఫొటోలు తీసుకునే మేకలాంటి జంతువు వరైయాడు. పేపర్లలో నీలగిరి థార్ అని రాస్తారు. తమిళనాడు రాష్ట్ర జంతువు అదే. మున్నార్ పక్కనున్న ఎరవికుళం నేషనల్ పార్కులో, రాజమలై టూరిస్టు జోన్‌లో అయితే మనుషుల్ని ఖాతరు చెయ్యకుండా రోడ్డు వారనే మేస్తుంటుంది.

అదే పార్కులో ఆనముడి శిఖరం ఉంది. ఎత్తు 2,695 మీటర్లు. దక్షిణ భారతంలో దాన్ని మించిన శిఖరం లేదు. దాని మీద గడ్డిదుబ్బుల మొదళ్లలో ఒక ఎర్రకప్ప బతుకుతోంది. ఒళ్లంతా నారింజ కలిసిన ఎరుపు, వీపు మీద ఉబ్బెత్తు గ్రంథులు, పొట్టి కాళ్లు, పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. శాస్త్రీయ నామం రావార్కెస్టీస్ రెస్ప్లెండెన్స్. శాస్త్రలోకానికి తెలిసింది 2010లోనే. తెలుగులో దీనికంటూ పేరు లేదు కాబట్టి ఇక్కడ ఎర్రకప్ప అనే అంటాను.

రెండూ ఒకే కొండవి, ఒకే గడ్డిని నమ్ముకున్నవి. ప్రకృతి సంరక్షణ అంతర్జాతీయ సంఘం (ఐయూసీఎన్) ఎర్రజాబితాలో వరైయాడు అంతరించే ప్రమాదమున్న జీవుల్లో ఉంటే, ఎర్రకప్ప ఇంకో మెట్టు దిగి తీవ్ర ప్రమాదమున్న వాటిలో ఉంది. పెద్ద జంతువును కాపాడితే దాని నీడలో చిన్నవన్నీ వాటంతటవే బతికేస్తాయన్నది వన్యప్రాణి సంరక్షణలో పాత వాదం. అలాంటి పెద్ద జంతువుని గొడుగు జీవి అంటారు. ఈ రెండింటి విషయంలో ఆ వాదం నేలను కాపాడే వరకు బాగానే చెల్లుతుంది. ఆ నేల మీద ఏ పని ఎప్పుడు, ఎంత మేర చెయ్యాలన్న దగ్గరికి వచ్చేసరికి చెల్లదు. లెక్కపెట్టడం, నిప్పు పెట్టడం, చెట్లు తియ్యడం, ఈ మూడింటిలోనూ వరైయాడుకు సరిపోయిన కొలత కప్పకు సరిపోదు. సరిచెయ్యడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు కూడా. నా వాదన ఇంతే. మిగతాదంతా వివరం.

ముందు గొడుగుకు ఇవ్వాల్సిన మర్యాద ఇద్దాం. ఎరవికుళం 1975లో అభయారణ్యమైంది, 1978లో నేషనల్ పార్కైంది. రెండుసార్లూ కారణం వరైయాడే. అప్పటికి ఎర్రకప్ప ఒకటుందని శాస్త్రవేత్తలెవరికీ తెలియదు. ఆ 97 చదరపు కిలోమీటర్ల గడ్డినేల తేయాకు తోటో, యూకలిప్టస్ తోటో కాకుండా మిగిలింది వరైయాడు పుణ్యమే. కప్ప కోసమే అయితే ఆ రోజుల్లో ఎవరూ ఒక ఎకరం కూడా వదిలేవారు కాదు. నేలను నిలబెట్టే పని పెద్ద జంతువులే చెయ్యగలవు, దాంట్లో వాదన లేదు.

ఇక విస్తీర్ణాల తేడా చూడండి. వరైయాడు పడమటి కనుమల్లో నీలగిరుల నుంచి కన్యాకుమారి కొండల దాకా దాదాపు 400 కిలోమీటర్ల పొడవునా ముక్కలు ముక్కలుగా ఉంది. పాలక్కాడ్ కనుమకు ఉత్తరాన కొన్ని మందలు, దక్షిణాన కొన్ని. ఎర్రకప్పను మొదట వర్ణించినప్పుడు దాని స్థలం మూడు చదరపు కిలోమీటర్ల లోపే. తర్వాతి సర్వేల్లో అదే ఎరవికుళం ఎత్తుల్లో మరికొన్ని చోట్ల కనబడింది గానీ, ఆ పీఠభూమి దాటి బయటికి రాలేదు. చెన్నైవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే మన గిండీ నేషనల్ పార్కు 2.7 చదరపు కిలోమీటర్లు. గవర్నర్ నివాసం, ఐఐటీల పక్కనున్న ఆ చిన్న అడవి అంత నేల మీద ఒక జాతి మొత్తం ఉండటమన్నమాట.

ఎర్రజాబితా నియమాల్లో కూడా ఈ తేడా కనబడుతుంది. ఒక జీవి ఎంత ప్రమాదంలో ఉందో తేల్చడానికి చాలా కొలబద్దలున్నాయి. సంతానయోగ్యమైన జంతువులు 2,500 లోపు ఉండి, తగ్గుతూ, చిన్న చిన్న గుంపులుగా చీలిపోయి ఉంటే ఒక కొలబద్ద. తిరిగే పరిధి 100 చదరపు కిలోమీటర్ల లోపు ఉండి, ఒక్కచోటే ఉండి, ఆ చోటు పాడవుతుంటే మరొకటి. పెద్ద జంతువుల గురించి మాట్లాడేటప్పుడు తలలు లెక్కపెడతాం, కప్పల గురించి మాట్లాడేటప్పుడు నేల కొలుస్తాం. కారణం సులువు. కప్పల తలలు లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు. కప్పల తక్కెడ అని మనవాళ్లు ఊరికే అనలేదు.

వరైయాడు లెక్క ఎలా జరుగుతుందో చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. 2025 ఏప్రిల్ 24 నుంచి 27 వరకు తమిళనాడు, కేరళ ఒకేసారి లెక్క చేపట్టాయి. తమిళనాడులో 1,303, కేరళలో 1,365, మొత్తం 2,668. ఒక్క ఎరవికుళంలోనే 841. రెండు రాష్ట్రాలు ఒకేసారి ఎందుకంటే సరిహద్దు కొండ అంచు మీదే పోతుంది, మందలు పొద్దున ఇటు, సాయంత్రం అటు మేస్తాయి. వేర్వేరు వారాల్లో లెక్కేస్తే అవే జంతువులు రెండుసార్లు పడతాయి. ఆ 2,668లో పిల్లలు, ఏడాది కూనలు కూడా కలిసున్నాయని గుర్తుంచుకోవాలి. సంతానయోగ్యమైనవి అంతకంటే బాగా తక్కువ.

పద్ధతులు రెండు. మొదటిదాంట్లో కొండను బ్లాకులుగా విడగొట్టి ఒక్కో బ్లాకును పలుమార్లు లెక్కిస్తారు. అన్నింటిలో పెద్ద సంఖ్యను రెట్టింపు చేసి, రెండో పెద్ద సంఖ్యను తీసేస్తారు. ఒక బ్లాకులో 34, 29, 22 వచ్చాయనుకోండి. 68లోంచి 29 తీస్తే 39. ఎంత గట్టిగా చూసినా కొన్ని కంటికి దొరకవు కాబట్టి కాస్త పైకి సర్దడం అది. రెండోదాంట్లో రెండు బృందాలు ఒకే దారిలో కొంత ఎడంగా నడుస్తాయి. మొదటివాళ్లు 8 మందలు, రెండోవాళ్లు 7 మందలు చూశారు, అందులో 6 మందలు ఇద్దరికీ కనబడ్డవే అనుకుందాం. 8ని 7తో గుణించి 6తో భాగిస్తే 9 చిల్లర. అంటే తొమ్మిది మందలు.

తప్పులు కూడా ఇక్కడే జరుగుతాయి. ఇద్దరికీ కనబడింది ఒకే మందా కాదా అని తేల్చేది మందలో వెన్ను మీద వెండిరంగు జీను లాంటి మచ్చ ఉన్న ముసలి పోతులెన్ని, ఆడవెన్ని, పిల్లలెన్ని అన్న చిట్టాతోనే. రెండు బృందాల మధ్య విరామంలో పొగమంచు కమ్మి మంద రెండుగా చీలిపోతే చిట్టాలు కలవవు. అప్పుడు ఉమ్మడి మందలు 6 కాస్తా 4 అవుతాయి, 56ని 4తో భాగిస్తే 14. మంచు వల్ల లేని ఐదు మందలు పుట్టుకొచ్చాయి. దీనికి తలకిందులుగా, రెండు బృందాలు వాకీటాకీలో ‘అదిగో ఆ బండ వెనకాల’ అని చెప్పుకుంటే ఉమ్మడి సంఖ్య పెరిగి లెక్క తగ్గిపోతుంది. ఎన్ని లోపాలున్నా చివరికి ఒక సంఖ్యంటూ వస్తుంది. దాన్ని పేపర్లో వెయ్యొచ్చు, కిందటిసారితో పోల్చొచ్చు, బడ్జెట్ అడగొచ్చు.

ఎర్రకప్ప దగ్గర ఇవేవీ పనిచెయ్యవు. పగలు దుబ్బులోంచి బయటికి రాదు. రాత్రి అరిచేది మగది మాత్రమే, అదీ వానలు పడ్డాకే. అరవని కప్ప లేనట్టు కాదు. ఒక చోట కప్పలుండి కూడా ఒక రాత్రి వెళ్తే వినబడే అవకాశం పదిలో మూడు వంతులే అనుకుందాం. మూడు రాత్రులు వెళ్లినా ఒక్కసారీ వినబడకుండా పోయే అవకాశం 34 శాతం. దాన్ని పదికి లోపు తేవాలంటే ఏడు రాత్రులు వెళ్లాలి. ఏడూ ఒకే వారంలో వెళ్లి కూర్చుంటే లాభం లేదు, ఆ వారం గాలి హోరు ఉంటే ఏడు రాత్రులూ పోయినట్టే. వెళ్లిన ప్రతిసారీ ఉష్ణోగ్రత, తేమ, గాలి, వాన ఆగి ఎంతసేపయింది అన్నవి రాసుకోవాలి. ఈ నాలుగు గడులు ఖాళీగా వదిలేసి ‘కప్పలు లేవు’ అని రాసిన చిట్టాకు విలువ లేదు.

మనిషి బదులు రికార్డరు పెట్టొచ్చు. సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకా ప్రతి అరగంటకూ ఐదు నిమిషాల చొప్పున పన్నెండు ముక్కలు. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనోలో రాత్రికి 320 ఎంబీ లోపు వస్తుంది, 64 జీబీ కార్డు రెండొందల రాత్రులు సరిపోతుంది. కార్డు నిండేలోపు బ్యాటరీ చస్తుంది, బ్యాటరీ చచ్చేలోపు మైకులోకి తేమ దిగుతుంది. మైకు నోరు నేలవైపు ఉండాలి, స్పాంజి తొడుగుండాలి, డబ్బాలో సిలికా జెల్ సంచి ఉండాలి, దాన్ని వెళ్లినప్పుడల్లా మార్చాలి. డబ్బా మూత మీద నేరుగా చినుకు పడితే ఆ టపటపలో కప్ప గొంతు మునిగిపోతుంది కాబట్టి చూరులా ముందుకొచ్చిన బండ కింద పెట్టాలి. ఇంతా చేస్తే తెలిసేది ఏ దుబ్బుల్లో కప్పలున్నాయి, ఏ దుబ్బుల్లో లేవు అన్న పటం మాత్రమే. సంఖ్య రాదు. ఆ పటం ఏటేటా కుంచించుకుపోతోందా లేదా అన్నదే మనకు దొరికే సమాధానం. నన్నడిగితే అది చాలు.

ఏప్రిల్ చివర్లో వరైయాడు లెక్కకు ఎలాగూ అంతమంది కొండెక్కుతున్నారు కదా, వాళ్లనే కప్పల్ని కూడా చూడమంటే పోలేదా అని అడిగేవాళ్లున్నారు. ఏప్రిల్‌కి నైరుతి రుతుపవనం ఇంకా రాదు. కప్పలు నోరు విప్పవు. జంతువు కనబడేంత తేటగా ఆకాశం ఉన్న రోజులే వరైయాడు లెక్కకు కావాలి, కప్పకు సరిగ్గా ఆ రోజులే పనికిరావు.

అసలు క్యాలెండరంతా ఇంతే. వరైయాడు పోతులు జోడు కోసం కొట్టుకునేది వానాకాలంలో. ఆరు నెలల చూలు. జనవరి, ఫిబ్రవరిల్లో ఎక్కువగా ఈనుతాయి, సాధారణంగా ఒక్క పిల్లనే. అందుకని ఆ కాలంలో రాజమలైని టూరిస్టులకు మూసేస్తారు, అది సరైన పనే. ఎర్రకప్ప పిల్లలు పెరిగేది వానల్లో. అప్పుడు గేట్లు తెరిచే ఉంటాయి. శిఖరం మీదికి మామూలు జనాన్ని పంపరు కాబట్టి కొంత నయం.

పిల్లలు పెరగడం అన్నాను గానీ, ఇక్కడ చాలామంది పొరబడతారు. కప్ప అనగానే చెరువు, గుంట, తోకకప్ప అనుకుంటాం. రావార్కెస్టీస్ కప్పలకు తోకకప్ప దశే బయట ఉండదు. గుడ్డులోనే ఆ దశంతా గడిచిపోయి కాళ్లున్న బుల్లి కప్ప బయటికొస్తుంది. ఎర్రకప్ప గుడ్లు పెట్టేది గడ్డిదుబ్బు మొదట్లో. గుడ్డుకు పెంకు లేదు. ఆ దుబ్బు మొదట్లో కొన్ని వారాలపాటు చెమ్మ ఆరకుండా ఉండాలి, అంతే. మంచి మనసుతోనే అయినా కొండ మీద ‘కప్పల కోసం’ గుంటలు తవ్వడం దండగ. పైగా గుంట చుట్టూ కణుజులు, పశువులు చేరి దుబ్బుల్నే తొక్కేస్తాయి. మన ఊళ్లలో వాన కోసం రోకలికి కప్పను కట్టి కప్పతల్లి ఆడిస్తూ ఇంటింటికీ తిప్పి నీళ్లు పోస్తారు. ఆ కప్పకు నీళ్లు కావాలి. ఈ కప్పకు కావలసింది గడ్డి.

పెద్ద కప్ప సంగతీ తక్కువేం కాదు. కప్పలు నోటితో నీళ్లు తాగవు, పొట్ట అడుగు చర్మంతో పీల్చుకుంటాయి. ఊపిరి కూడా కొంత చర్మంతోనే. నేల మీద ఏం చల్లితే అది నేరుగా ఒంట్లోకి పోతుంది. వరైయాడుకు గిట్ట, బొచ్చు, నాలుగు గదుల పొట్ట అడ్డున్నాయి. కప్పకు అడ్డేమీ లేదు.

ఇప్పుడు నిప్పు. గొడుగు వాదం నిగ్గు తేలేది ఇక్కడే.

ఎరవికుళంలో గడ్డిని ముక్కలు ముక్కలుగా, వంతులవారీగా కాల్చే అలవాటు పార్కు కంటే పాతది. ఆ కొండల్లోని ముదువన్ గిరిజనులకు ఈ పని బాగా తెలుసు. చలికాలం చివర ముదురు గడ్డి కాలిస్తే కొత్త చిగుళ్లు వస్తాయి. వరైయాడు తినేది ఆ చిగుళ్లనే. కాల్చకుండా ఏళ్ల తరబడి వదిలేస్తే ఎండుగడ్డి పేరుకుని, మార్చిలోనో ఏప్రిల్లోనో ఎవడో పారేసిన బీడీకి కొండంతా ఒక్కసారే తగలబడుతుంది. ఆ మంటకు వరైయాడు బండల మీదికి పారిపోతుంది, కప్ప పారిపోదు. కాబట్టి నిప్పే వద్దనే వాదం నాది కాదు. కప్ప పేరు చెప్పి కాల్చడం ఆపేస్తే మొదట చచ్చేది కప్పే.

ఎలా కాల్చాలన్న దగ్గరే నాకు పేచీ. అదుపు కోసం సాధారణంగా వాలు పైనుంచి కిందికి, గాలికి ఎదురుగా మంట పెడతారు. కిందినుంచి పెడితే మంట పైగడ్డిని ముందే వేడెక్కించి పరుగెత్తుతుంది, చేతికి దొరకదు. పైనుంచి దిగే మంట పొట్టిగా, నింపాదిగా పోతుంది. మనుషులకు అదే క్షేమం. కానీ నింపాదిగా పోయే మంట ఒక్కో దుబ్బు దగ్గర ఎక్కువసేపు నిలుస్తుంది. పరుగెత్తే మంట కొసల్ని కాల్చి దాటిపోతే, ఇది మొదలు దాకా కాల్చుకుంటూ పోతుంది. ఎండాకాలమంతా ఇలాంటి కప్పలు తలదాచుకునేది ఆ మొదళ్లలోనూ, రాళ్ల కిందా. అంటే మనుషులకు మంచి మంట కప్పకు చెడ్డ మంట కాగలదు.

దీనికి విరుగుడు తేమే. కాల్చే రోజు పొద్దున దుబ్బును రెండు చేతుల్తో విడదీసి మొదట్లో వేళ్లు పెట్టి చూడాలి. వేళ్లకు తడి తగిలి, మట్టి ముద్దకట్టేలా ఉంటే పైగడ్డి కాలినా మొదలు బతుకుతుంది. మట్టి పొడిపొడిగా రాలితే ఆ రోజు ఆ ముక్క జోలికి పోకూడదు. పైన కొసలు మంచుకు తడిసున్నాయా లేదా అన్నది మంట అంటుకోవడానికి సంబంధించిన పరీక్ష. దాన్ని చూసి మొదలు కూడా తడిగా ఉందనుకోవడం చాలాచోట్ల జరిగే పొరపాటు. జనవరి ఎండకు మొదలు ముందే ఆరిపోయి, కొసలు మాత్రం రోజూ మంచుకు తడుస్తుంటాయి.

ఇంకోటి ముక్క ఆకారం. ఒక హెక్టారు చతురస్రంగా, అంటే వంద మీటర్ల భుజంతో కాల్చారనుకోండి. మధ్యలో ఉన్న కప్ప కాలని గడ్డికి చేరాలంటే 50 మీటర్లు పోవాలి. దాని ఒంటి పొడవుకు రెండు వేల రెట్లు. నీడలేని బూడిద మీద, ఎండలో, తడి చర్మంతో. అదే హెక్టారును 20 మీటర్ల వెడల్పున్న ఐదు పట్టీలుగా, మధ్య మధ్య అంతే వెడల్పు కాలని గడ్డి వదులుతూ కాలిస్తే ఎక్కడి కప్పకైనా పది మీటర్లలో నీడ దొరుకుతుంది. వరైయాడుకు వచ్చే చిగురు రెండు పద్ధతుల్లోనూ ఒక హెక్టారే. దానికి పోయేదేమీ లేదు. ఖర్చల్లా మంట దాటకుండా గడ్డి కోసి గీసే గీత పొడవు పెరగడం. చతురస్రానికి 400 మీటర్లు గీస్తే చాలు, ఐదు పట్టీలకు ఒక్కోదానికి 240 చొప్పున 1,200 మీటర్లు. మూడింతల కూలి. ఇది చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. అందుకే కొండంతా ఇలా చెయ్యమనడం లేదు. రికార్డర్లలో కప్ప గొంతు పడ్డ ముక్కల్లో మాత్రం చెయ్యాలి. పటం ఎందుకన్నానో ఇప్పుడు తెలుస్తుంది. రాళ్లగుట్టల చుట్టూ, కొండ మడతల్లో గుబురుగా పెరిగే షోలా అడవి అంచున కొన్ని మీటర్ల గడ్డి ఎక్కడైనా సరే వదలాలి. నిరుడు కాల్చిన పట్టీని ఈ ఏడు ముట్టుకోకూడదు. వేసవి జల్లులు మొదలయ్యాక ఇక అగ్గిపెట్టె తియ్యకూడదు.

చెట్ల సంగతి నిప్పుతో ముడిపడే ఉంది. తెల్లదొరల కాలంలో, తర్వాత మన అటవీ శాఖల కాలంలో కూడా, తోలు పదును చెయ్యడానికని నల్ల వాటిల్, కలపకని యూకలిప్టస్, పైన్ ఈ గడ్డినేలల్లో నాటారు. నాటిన చోట ఆగలేదు. నాలుగు దశాబ్దాలకు పైబడిన కాలంలో పడమటి కనుమల ఎత్తైన గడ్డినేలల్లో దాదాపు నాలుగో వంతు ఈ పరాయి చెట్ల కింద పోయింది. వరైయాడుకు చెట్లు పెరిగితే కష్టం. చిరుతో, రేచుకుక్కలో వస్తే దూరం నుంచే చూసి బండల మీదికి ఉరకడం దాని బతుకుతెరువు. చెట్టు అడ్డం వస్తే చూపు పోతుంది. అందుకే చెట్లన్నీ కొట్టెయ్యమనే ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది.

కొట్టెయ్యడం సులువే, తర్వాత వచ్చేదే తంటా. వాటిల్ గింజ మట్టిలో దశాబ్దాల తరబడి బతికుంటుంది, వేడి తగిలితే మొలుస్తుంది. వాటిల్ అంచున గడ్డి కాలిస్తే గింజలకు మనమే పిలుపు పంపినట్టు. ఒక్క వానకు మోకాలెత్తు వాటిల్ చాప పరిచినట్టు లేస్తుంది. పెద్ద చెట్టు నరికి దుంగల్ని వాలు వెంట ఈడ్చుకుపోతే దారిలోని దుబ్బులన్నీ పెళ్లగించుకుపోతాయి, బయటపడ్డ మట్టి రెండు రోజుల్లో ఎండుతుంది. వరైయాడు అలాంటి గాడిని దాటి అవతలి గడ్డికి పోతుంది. కప్పకు ఆ గాడే సరిహద్దు.

కప్పను దృష్టిలో పెట్టుకుంటే పద్ధతి మారుతుంది. చిన్న మొక్కల్ని వాన పడి మట్టి మెత్తగా ఉన్నప్పుడు చేత్తోనే వేరుతో సహా పీకాలి, గడ్డపార పెడితే పక్క దుబ్బు కదులుతుంది. పెద్ద చెట్లకు మొదట్లో చుట్టూ బెరడు వలిచి నిలువునా ఎండనివ్వాలి. బెరడు కింద పచ్చటి పొర సన్నని చారికంత మిగిలినా చెట్టు కోలుకుంటుంది, కాబట్టి చెక్క తెల్లగా బయటపడేదాకా గీకాలి. నీడ ఒక్కసారిగా పోకుండా నెమ్మదిగా పల్చబడుతుంది, కింద గడ్డి సర్దుకుంటుంది. యూకలిప్టస్ మొండి. నరికిన మోడు నుంచి గుత్తులుగా చిగురేస్తుంది, వచ్చే రెండు మూడేళ్లూ ఆ చిగుళ్లు విరుస్తూనే ఉండాలి. ఈ చాకిరీ చూసి మోడుకు కలుపుమందు పూద్దాం అంటారు. ఆ మందుల్లో ఆకుకు పట్టుకోవడానికి కలిపే సర్ఫాక్టెంట్లలో కొన్ని కప్పజాతులకు అసలు మందు కంటే ఎక్కువ హాని చేస్తాయి. పొట్టచర్మంతో నీళ్లు తాగే జీవి ఉన్న నేల మీద అది వద్దు. ముదిరిపోయి, కింద షోలా మొక్కలు లేస్తున్న పాత వాటిల్ తోపుల్ని వదిలెయ్యడమే మంచిదని నా అభిప్రాయం. ఉన్న కూలి బలమంతా గడ్డిలోకి చొచ్చుకొస్తున్న కొత్త అంచు మీద పెట్టాలి.

ఆ మూడూ కాక ఇంకోటి, చెన్నై నుంచి వెళ్లే మనబోటివాళ్లకు నేరుగా తగిలేది, జబ్బు. కైట్రిడ్ అనే బూజు కప్పల చర్మానికి పట్టి, లవణాల రాకపోకల్ని చెడగొట్టి, చివరికి గుండె ఆపేస్తుంది. 2019లో తేల్చిన లెక్క ప్రకారం ప్రపంచంలో 501 ఉభయచర జాతుల క్షీణతకు అది కారణం, అందులో 90 జాతులు అంతరించాయని అనుకుంటున్నారు. పడమటి కనుమల్లోనూ ఆ బూజు ఉంది. ఇక్కడ సామూహిక చావులు మాత్రం కనబడలేదు. కానీ కొత్త రకం బూజు ఒక బూటు అడుగున ఎక్కి రావడానికి అడ్డేమీ లేదు. 2023 నాటి ప్రపంచ అంచనాలో ఉభయచరాల్లో 40.7 శాతం, అంటే 2,873 జాతులు ముప్పులో ఉన్నాయి. క్షీరదాల్లో ఇది నాలుగో వంతుకు కాస్త పైన. మన చర్చలు మాత్రం పులి, ఏనుగుల చుట్టూనే తిరుగుతాయి.

ఒక కొండ నుంచి ఇంకో కొండకు పోయేముందు చెయ్యాల్సింది ఇది. మొదట బూట్ల అడుగున గాళ్లలోని మట్టిని బ్రష్షుతో గీకి పూర్తిగా తీసెయ్యాలి. మట్టి ఉంటే బ్లీచింగ్ ద్రావణం దాని మీదే ఖర్చయిపోయి బూజును తాకదు. తర్వాత ఒక శాతం సోడియం హైపోక్లోరైట్‌లో నిమిషం ముంచాలి, లేదా 70 శాతం ఆల్కహాల్ పట్టించాలి. మంచినీళ్లతో కడిగి ఎర్రటి ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. ఈ బూజు ఎండుదనానికి తట్టుకోలేదు. ట్రెక్కింగ్ కర్రల మొనలు, ట్రైపాడ్ కాళ్లు, ప్యాంటు అంచులు కూడా ఇందులోకే వస్తాయి. అందరూ మర్చిపోయేవి అవే. కప్పను చేత్తో పట్టుకోవద్దు. దోమల క్రీమ్, సన్‌స్క్రీన్ రాసుకున్న చేతులైతే మరీ వద్దు. వరైయాడుకు చెయ్యకూడనిది ఒక్కటే, బిస్కెట్లు, ఉప్పు పెట్టడం. దాని గురించి బోర్డులు ఎలాగూ ఉన్నాయి.

చట్టమూ కప్పను చిన్నచూపే చూసింది. 1972 వన్యప్రాణి చట్టంలో, 2022 సవరణకు ముందు, వరైయాడు మొదటి షెడ్యూల్లో ఉంటే, నాలుగో షెడ్యూల్లో కప్పలకు దొరికింది రానా ప్రజాతి అని ఒక్క ముక్కే. ఎర్రకప్పలాంటి పొదకప్పలు ఆ ప్రజాతిలోనే లేవు. కప్పకాళ్ల ఎగుమతిని 1987లో నిషేధించాక ప్రభుత్వం దృష్టిలో కప్పల కథ దాదాపు ముగిసిపోయింది. మన దేశంలో కప్పల శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ముఖ్యుడు సి.ఆర్. నారాయణరావు. మన మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదువుకుని, బెంగళూరు సెంట్రల్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పారు. రావార్కెస్టీస్ ప్రజాతికి ఆ పేరు ఆయన గౌరవార్థం పెట్టిందే. ఆయన కరెంట్ సైన్స్ పత్రికకు తొలి సంపాదకుడు. ఎర్రకప్ప వర్ణన అచ్చయింది ఆ పత్రికలోనే. ఆయన సేకరించి భద్రపరిచిన కప్ప నమూనాలు తర్వాత కాలంలో కాలేజీ నుంచి మాయమయ్యాయి. పులిచర్మమైతే గాజుపెట్టెలో ఉండేది.

డబ్బు దగ్గరికి వద్దాం. తమిళనాడు 2022లో వరైయాడు కోసం ఐదేళ్లకు 25.14 కోట్లు ప్రకటించింది. లెక్కలు, రేడియో కాలర్లు, ఒకప్పుడుండి ఇప్పుడు లేని కొండలకు మళ్లీ తీసుకెళ్లి వదలడం, గడ్డినేలల పునరుద్ధరణ అందులో ఉన్నాయి. తొలి అధ్యయనాలు చేసిన డేవిడార్ పేరిట అక్టోబర్ 7ను వరైయాడు దినంగా జరుపుతున్నారు. ఎర్రకప్ప ఉన్నది కేరళలో కాబట్టి దీంతో మనకేం పని అనొచ్చు. నీలగిరుల్లో రావార్కెస్టీస్ టిన్నియన్స్ ఉంది, కొడైకెనాల్ వైపు రావార్కెస్టీస్ దుబోయిస్ ఉంది. అవీ చెరువు అక్కర్లేని కప్పలే. అక్కడా వాటిల్ తీస్తున్నారు, అక్కడా గడ్డి పెంచుతున్నారు.

కాలర్ సంగతే తీసుకోండి. కాలర్ బరువు జంతువు బరువులో మూడు శాతం దాటకూడదంటారు. యాభై కిలోల ఆడ వరైయాడుకు కిలోన్నర దాకా కట్టొచ్చు. రెండు గ్రాముల కప్పకు ఐదు శాతం దాకా పోయినా 0.1 గ్రాము. అంత తేలికైన ట్రాన్స్‌మిటర్, అందులోనూ కొన్ని వారాలు పనిచేసేది, ఆశించకూడదు. కాబట్టి కప్పకు కాలర్ బడ్జెట్ అడగడం లేదు. అడిగేది గడ్డి పునరుద్ధరణ పద్దులోంచి, పని మొదలుపెట్టే ముందు ఒక వానాకాలం రికార్డర్లు పెట్టి పటం గియ్యమని. పని అయ్యాక అవే చోట్ల, అవే నెలల్లో, అదే సెట్టింగుతో మళ్లీ పెట్టమని. వెంటనే ఒక ఏడాదికి కాదు, కనీసం మూడు వానాకాలాలు. ఒక్క ఏడాది గొంతులు తగ్గితే అది వాన తక్కువ కావడం వల్లనా, మనం కాల్చడం వల్లనా తేలదు. అందుకే ముట్టుకోని ముక్కల్లో కూడా అన్నే రికార్డర్లు ఉండాలి. పని చేసిన చోట తగ్గి, ముట్టుకోని చోట తగ్గకపోతే అప్పుడు తప్పు మనది.

రాత్రిపూట కొండ మీద మనుషుల్ని తిప్పడానికి అటవీ శాఖ వెనకాడుతుంది. ఏనుగులు, జారే బండలు, జలగలు ఉన్నచోట ఆ జంకు న్యాయమైనదే. రికార్డరు పగలు పెట్టి పగలే తియ్యొచ్చు. నెలకోసారి బ్యాటరీలు, సిలికా జెల్ మార్చడానికి గడ్డి కాపలాకు ఎలాగూ తిరిగే వాచర్లు చాలు. వాళ్ల చిట్టాలో ఇప్పుడు వరైయాడు మంద, పోతులు, ఆడవి, పిల్లలు అని గడులున్నాయి. పక్కన ఇంకో మూడు గడులు గియ్యాలి: దుబ్బు మొదట్లో తడి ఉందా లేదా, రికార్డరు నంబరు, కార్డు మార్చిన తేదీ.